ముక్కనుమ తిరుగు ప్రయాణం: కోనసీమ నుంచి హైదరాబాద్‌కి రైలా, కారా, బస్సా?

రాజోలు_లంక
సంక్రాంతి పండగ బాగా జరిగింది. ఇప్పుడు అసలు సంగతి. రేపు కనుమ, ఎల్లుండి ముక్కనుమ రాత్రికి పాలకొల్లులో రైలు. నరసాపురంలో బయల్దేరి లింగంపల్లి వెళ్లే బండి, స్లీపర్. ఒకే పీఎన్‌ఆర్ మీద ఆరుగురం: అత్తగారు, మామగారు (ఇద్దరూ డెబ్భై దాటినవాళ్లు), మేమిద్దరం, పిల్లలు 9, 7 ఏళ్లు. ప్రస్తుతానికి ఇద్దరికి ఆర్‌ఏసీ (ఒకే బెర్తు మీద ఇద్దరికీ కూర్చునే చోటు), నలుగురికి వెయిటింగ్ లిస్టు. దిగాల్సింది మియాపూర్ వైపు. రైలు కుదరకపోతే మా బావగారు ఏడు సీట్ల కారు ఇస్తానంటున్నారు. సామాను: బియ్యం మూట, కొబ్బరికాయలు, పిండివంటల డబ్బాలు, నెయ్యి, నాలుగు సూట్‌కేసులు. ఆ మర్నాడు పిల్లలకి బడి. ఏం చేయమంటారు? వివరంగా చెప్పండి, మాలాగే చూసుకునేవాళ్లకీ ఉపయోగపడుతుంది.

బెర్తు_లెక్క
ముందు రైలు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీకు గడియారం రేపు పొద్దున్నే మొదలవుతుంది.

తత్కాల్ తెరుచుకునేది బండి బయల్దేరే స్టేషన్ తేదీకి ఒక రోజు ముందు. మీ బండి నరసాపురంలోనే పుడుతుంది కాబట్టి లెక్కలో తికమక లేదు: ముక్కనుమ రాత్రి బండికి కనుమ ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులు, 11 గంటలకు స్లీపర్. (హౌరా, భువనేశ్వర్ వైపు నుంచి వచ్చే బండ్లను రాజమండ్రిలోనో తాడేపల్లిగూడెంలోనో ఎక్కేవాళ్లు జాగ్రత్త. అక్కడికి బండి అర్ధరాత్రి దాటాక వస్తే తత్కాల్ ఇంకో రోజు ముందే తెరుచుకుంటుంది. చాలామంది ఆ ఒక్క రోజు తేడాతో పోగొట్టుకుంటారు.)

రేపు ఉదయం చేయాల్సినవి:

ఒక తత్కాల్ టికెట్ మీద నలుగురికి మించి కుదరదు. కాబట్టి రెండు టికెట్లు, రెండు వేర్వేరు ఐఆర్‌సీటీసీ (రైల్వే బుకింగ్ సైటు) ఖాతాల నుంచి, రెండు ఫోన్లలో ఒకేసారి. ఒకదాంట్లో మామగారు, అత్తగారు, మీరు. రెండోదాంట్లో మీ ఆవిడ, పిల్లలిద్దరు. ఏ టికెట్ దొరికినా దాంట్లో పెద్దవాళ్లకో పిల్లలకో ఒక తోడు తప్పకుండా ఉండాలి. పెద్దవాళ్లిద్దరినీ ఒక టికెట్‌లో పెట్టి మిగతా నలుగురు ఇంకో టికెట్‌లో ఉంటే, మొదటిది ఒక్కటే దొరికినప్పుడు ఏం చేయాలో తోచదు.

2025 జూలై 1 నుంచి ఆధార్‌తో సరిచూసిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్ తత్కాల్. జూలై 15 నుంచి ఓటీపీ కూడా అడుగుతోంది. ఆ పని ఈ రాత్రే చూసుకోండి. ఖాతాలో ఆధార్ జతపడి ఉన్నా పేరు అక్షరాల్లో తేడా ఉంటే సరిచూడడం దగ్గర ఆగిపోతుంది. ఆధార్‌కి జతచేసిన ఫోన్ చేతిలో ఉండాలి, అందులో సిగ్నల్ ఉండాలి. లంకల్లో కొన్నిచోట్ల ఇదే పెద్ద చిక్కు. ఇంట్లో సిగ్నల్ ఒక గీత మీద ఆడుతుంటే పొద్దున్నే రాజోలు సెంటర్‌కి వచ్చేయండి.

ప్రయాణికుల పేర్లు, వయసులు ముందే మాస్టర్ లిస్టులో పెట్టుకోండి. లాగిన్ మరీ ముందు చేస్తే ఊరికే ఉన్న ఖాతాని బయటికి నెట్టేస్తుంది. రెండు మూడు నిమిషాల ముందు చాలు. "కన్ఫర్మ్ బెర్తులు దొరికితేనే బుక్ చేయి" అన్న గడిలో టిక్ పెట్టండి. తత్కాల్ వెయిటింగ్ లిస్టు దాదాపు కదలదు, దాన్ని కొనుక్కోవడం అనవసరం. డబ్బు కట్టడానికి వాలెట్‌లో ముందే వేసుకుంటే యూపీఐ తిరిగే ఆ అర నిమిషం మిగులుతుంది.

తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లకు తత్కాల్ ఇవ్వరు, ఏసీకి 10:30 దాకా, స్లీపర్‌కి 11:30 దాకా. అందుకని "మా ఏజెంటు చూసుకుంటాడులే" అని కూర్చోవద్దు.

రాజోలు_లంక
తత్కాల్‌లో మామగారికి కింది బెర్తు వస్తుందా?

బెర్తు_లెక్క
హామీ లేదండీ. 60 దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి ఉన్న లోయర్ బెర్తు కోటా సాధారణ రిజర్వేషన్‌లోదే, తత్కాల్‌కి అది వర్తించదు. కింది బెర్తు కావాలని ఎంచుకోండి, ఖాళీ ఉంటే యంత్రమే ఇస్తుంది. రాకపోతే బండి ఎక్కాక టీటీఈని అడగండి. పెద్దవాళ్లకి, గర్భిణులకి ఖాళీ కింది బెర్తు మార్చే వీలు ఆయనకి ఉంది. ఆ మాట బండి కదిలిన వెంటనే అడగాలి, భీమవరం దాటేలోపు. తర్వాత ఆర్‌ఏసీ వాళ్లకి సర్దేస్తారు.

ఉండి_కాలవ
ఆర్‌ఏసీ ఇద్దరు, వెయిటింగ్ నలుగురు అన్నారు కదా. ఆ పాత టికెట్ సంగతేంటి? వెయిటింగ్ లిస్టు దానంతటదే రద్దయి డబ్బు వచ్చేస్తుంది కదా?

బెర్తు_లెక్క
ఇక్కడే చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటున్నాయి, నిదానంగా చదవండి.

ఆన్‌లైన్ టికెట్‌లో *అందరూ* వెయిటింగ్ లిస్టులో ఉండిపోతేనే చార్టు (చివరి సీట్ల జాబితా) తర్వాత టికెట్ దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. ఒక్కరికి ఆర్‌ఏసీయో కన్ఫర్మో ఉన్నా ఆ టికెట్ బతికే ఉంటుంది. మిగతావాళ్ల పేర్లు కూడా చార్టులో పడతాయి. వాళ్లు బండి ఎక్కవచ్చు గానీ బెర్తు ఇచ్చే బాధ్యత రైల్వేది కాదు. అంటే మీ ఆరుగురూ ఇద్దరి ఆర్‌ఏసీ మీద, అంటే ఒకే సైడ్ లోయర్ మీద, తెల్లారేదాకా కూర్చోవాలి. డెబ్భై దాటినవాళ్లతో అది అయ్యే పని కాదు.

మీకు తత్కాల్ దొరికినా, కారులో వెళ్లాలనుకున్నా, ఆ పాత టికెట్‌ని మీరే మీ చేత్తో రద్దు చేయాలి. బండి బయల్దేరే సమయానికి అరగంట ముందు లోపు *మొత్తం ఆరుగురినీ* రద్దు చేస్తే (చార్టు పడ్డాక అయితే టీడీఆర్, అంటే డబ్బు వాపసు అర్జీ, వేస్తే) క్లర్కు చార్జీ మాత్రం పట్టుకుని మిగతాది ఇస్తారు. ఆ అరగంట దాటితే రూపాయి రాదు.

గూడెం_జంక్షన్
చార్టు గురించి ఒక ముక్క. ఇదివరకు బండికి 4 గంటల ముందు చార్టు వేసేవారు. 2025 జూలైలో దాన్ని 8 గంటలకి జరిపారు, తర్వాత ఇంకా ముందుకి తెచ్చారు. సాయంత్రం, రాత్రి బండ్లకి పొద్దున్నే తేలిపోతోంది. ఇది మనకి మేలే. ముక్కనుమ ఉదయం కాఫీ తాగేలోపు తెలుస్తుంది, ఇంకో ఏర్పాటు చూసుకోవడానికి పగలంతా ఉంటుంది. చార్టు పడ్డాక మిగిలిన ఖాళీలు కరెంట్ బుకింగ్‌లో మామూలు చార్జీకే అమ్ముతారు. ముక్కనుమ రోజు అవి అరుదు, కానీ 2ఏసీలో ఒకటీ అరా కనబడతాయి. చార్టు పడిన పది పదిహేను నిమిషాల్లోనే చూడాలి.

బెర్తు_లెక్క
అవును. ఇంకో కిటుకు వచ్చే ఏడాదికి. మధ్య స్టేషన్ నుంచి మధ్య స్టేషన్‌కి కొంటే పీక్యూడబ్ల్యూఎల్, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అని వేరే వరుసలో పడతారు, అవి మెల్లగా కదులుతాయి. బండి పుట్టిన స్టేషన్ నుంచి చివరిదాకా కొంటే జీఎన్‌డబ్ల్యూఎల్, అది బాగా కదులుతుంది. నరసాపురం నుంచి కొని, ఎక్కే స్టేషన్ పాలకొల్లు అని మార్చుకుంటే చార్జీలో తేడా పది ఇరవై రూపాయలు కూడా ఉండదు. ఒకసారి మార్చుకున్నాక మాత్రం నరసాపురంలో ఎక్కే హక్కు పోతుంది. ఇక ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. అంటే సంక్రాంతి తిరుగు టికెట్లకి నవంబరు మధ్యలో పొద్దున 8 గంటలకి కూర్చోవాలి.

పంతంగి_క్యూ
నేను రోడ్డు మనిషిని, కారు సంగతి చెబుతాను.

విజయవాడ–హైదరాబాద్ 65వ నంబరు హైవే ఎందుకు ఆగిపోతుందో అర్థమైతే ఎప్పుడు బయల్దేరాలో మీకే తెలుస్తుంది. టోల్ గేట్లు వరసగా కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి. మొదటి రెండింటి దగ్గర అంత ఇబ్బంది ఉండదు. సూర్యాపేటలో ఖమ్మం వైపు నుంచి వచ్చే బండ్లు కలుస్తాయి. నార్కట్‌పల్లిలో అద్దంకి రోడ్డు మీదుగా గుంటూరు, ప్రకాశం బండ్లు వచ్చి కలుస్తాయి. ఈ మూడు ప్రవాహాలూ చిట్యాల దాటి పంతంగి గేటు దగ్గరికి ఒకేసారి వస్తాయి. అది దాటితే చౌటుప్పల్ ఊరు, ఆపైన అబ్దుల్లాపూర్‌మెట్, పెద్ద అంబర్‌పేట.

ఇప్పుడు సమయం. అందరూ మధ్యాహ్నం భోంచేసి, కాస్త నడుం వాల్చి, రెండు మూడింటికి గోదావరి జిల్లాల్లో బయల్దేరతారు. విజయవాడ వాళ్లు సాయంత్రం కాఫీ తాగి బయల్దేరతారు. వీళ్లంతా పంతంగికి చేరేది రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట మధ్య. అందుకని ముక్కనుమ రాత్రి అక్కడ నరకం, అదే రోజు మధ్యాహ్నం పన్నెండుకి కొంచెం రద్దీ, అంతే. దారి ఏది పట్టారన్నదాని కన్నా పంతంగిని ఎన్నింటికి దాటారన్నదే మీ ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది. ఒంటిగంటలోపు దాటాలని లెక్కపెట్టుకుంటే రాజోలులో తెల్లవారుజామున నాలుగున్నరకి కదలాలి.

అమలాపురం_సెంటర్
కనుమ నాడే మధ్యాహ్నం బయల్దేరితే ఏ గొడవా ఉండదు కదా అన్నా?

పంతంగి_క్యూ
రోడ్డు ఖాళీగా ఉండేది నిజంగా ఆ రోజే తమ్ముడూ. కానీ "కనుమ నాడు కాకైనా కదలదు" అని ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నచోట నేను చెప్పలేను. అందరూ ఆ మాట పట్టుకుని కూర్చుంటారు కాబట్టే ముక్కనుమ రోజు అంతా ఒక్కసారి రోడ్డెక్కుతారు. పంచాంగం లెక్కన సూర్యోదయంతోనే రోజు మారుతుంది. అర్ధరాత్రి దాటింది కదా అంటే అత్తగారు ఒప్పుకోరు. అలాంటి ఇళ్లలో సామానంతా కనుమ రాత్రే కారులో సర్దేసి, సూర్యుడు పొడిచే వేళకి గుమ్మం దాటండి. రెండు గంటలు ఆలస్యమైనా పంతంగిని మూడింటి ప్రాంతంలో దాటేస్తారు.

పైగా కనుమ రోజు మీ వైపు రోడ్లు కూడా ఖాళీ ఉండవు. జగ్గన్నతోట ప్రభల తీర్థం ఆ రోజే. అంబాజీపేట, గంగలకుర్రు, ముక్కామల చుట్టూ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ప్రభలు (భుజాల మీద మోసుకెళ్లే ఎత్తయిన అలంకార చట్రాలు), జనం. ఆ రోడ్లలో కారు పెట్టకూడదు.

అమలాపురం_సెంటర్
నిజమే. ప్రభలు కౌశిక నది దాటే వేళ అటు సైకిల్ కూడా వెళ్లదు.

నకిరేకల్_బైపాస్
పంతంగి తప్పించే దారులు, ఎక్కడికి వెళ్లేవాళ్లకి ఏది పనికొస్తుందో:

ఉప్పల్, ఈసీఐఎల్, సికింద్రాబాద్ వాళ్లకి: చిట్యాల దగ్గర కుడివైపు తిరిగి రామన్నపేట, వలిగొండ మీదుగా భువనగిరి. అక్కడ వరంగల్ హైవే ఎక్కి ఘట్‌కేసర్. పండగకి పోలీసులు కూడా బండ్లను ఇటు మళ్లిస్తుంటారు. సూర్యాపేట దగ్గరే తెలిసిపోతే అక్కడి నుంచే అర్వపల్లి, తిరుమలగిరి, జనగామ మీదుగా వరంగల్ హైవేకి వచ్చేయొచ్చు. దూరం ఎక్కువ, కానీ బండి కదులుతూ ఉంటుంది.

గుంటూరు, పల్నాడు నుంచి వచ్చేవాళ్లు: మిర్యాలగూడ నుంచి నార్కట్‌పల్లికి రాకుండా హాలియా, కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం. సాగర్ రోడ్డు. నేరుగా ఔటర్ రింగ్ రోడ్డుకి వస్తుంది. ఎల్‌బీ నగర్, శంషాబాద్ వైపు వాళ్లకి చాలా మంచిది.

మియాపూర్ వాళ్లకి ఇవేవీ పెద్దగా లాభం కాదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేయండి, హయత్‌నగర్, ఎల్‌బీ నగర్ లోపలికి రావొద్దు. ఔటర్ మీద కిలోమీటర్లు ఎక్కువే, గంటలు తక్కువ.

పంతంగి_క్యూ
సాగర్ రోడ్డు పగలు బాగానే ఉంటుంది, రాత్రి మాత్రం నేను వద్దంటాను. చాలాదూరం మధ్యలో డివైడర్ లేని రోడ్డు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, పత్తి ఎత్తుకున్న లారీలు. ఎదురుగా వచ్చేవాడి లైటు కంట్లో పడితే ముందున్న ట్రాలీ కనబడదు. పిల్లలున్న కారు అర్ధరాత్రి ఆ రోడ్డు ఎక్కడం కన్నా పంతంగిలో గంటన్నర ఆగడం నయం.

నకిరేకల్_బైపాస్
రాత్రికి మీ మాట ఒప్పుకుంటాను. దేవరకొండ రోడ్డు కలిసే కొండమల్లేపల్లి దగ్గర కూడలి చీకటిగా ఉంటుంది, పగలే అయోమయం.

పంతంగి_క్యూ
ఇంకో చోటు మరిచిపోయాం: విజయవాడ ఊరు. గన్నవరం నుంచి బెంజి సర్కిల్, కనకదుర్గ ఫ్లైఓవర్, భవానీపురం, గొల్లపూడి, ఇదంతా పండగ తిరుగు రోజుల్లో గంట మింగేస్తుంది. చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడికి వేసిన పశ్చిమ బైపాస్ మీద ఆ రోజు బండ్లను వదులుతున్నారేమో కనుక్కోండి. లేకపోతే హనుమాన్ జంక్షన్ దగ్గరే కుడికి తిరిగి నూజివీడు, మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం (హైదరాబాద్ పక్కది కాదు, విజయవాడ దగ్గరది). లారీలు తిరిగే దారే, రెండు వరసల రోడ్డు, కానీ పొద్దున పూట ఊరి రద్దీ తప్పుతుంది.

ఫాస్టాగ్: టోల్ గేటు దగ్గర ఒక్క బండి ట్యాగు చదవకపోతే ఆ వరస మొత్తం ఆగుతుంది. ఆ ఒక్క బండి మీది కాకూడదు. గేటు దగ్గరికి వచ్చాక రీచార్జి చేద్దామంటే కుదరదు. 2025 ఫిబ్రవరి 17 నుంచి వచ్చిన నియమం ప్రకారం, ట్యాగు చదివే సమయానికి గంట ముందు నుంచీ బ్లాక్‌లిస్టులో ఉండి, చదివాక పది నిమిషాల దాకా అలాగే ఉంటే టోల్ తిరస్కరిస్తుంది. ఇల్లు కదిలే ముందే బ్యాలెన్సు చూసుకోండి. పని చేయని ట్యాగుకి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు (2025 నవంబరు 15 నుంచి). ట్యాగుని చేత్తో పట్టుకుని చూపించడం మానండి, అద్దానికి అతికించాలి. ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉన్నవాళ్లకి ఈ దారిలో ఒక్కో గేటు ఒక్కో ట్రిప్పుగా లెక్క. కారు మీ బావగారిది కాబట్టి ఆ ట్యాగు ఏ బ్యాంకుదో, ఏ ఫోన్‌కి మెసేజ్ వెళ్తుందో ముందే అడగండి. దారిలో ఇబ్బంది వస్తే 1033.

గ్యారేజీ_తెనాలి
ఏడు సీట్ల కారు అన్నారు. ఆరుగురు కూర్చుంటే మూడో వరస లేపాలి. మూడో వరస లేపితే డిక్కీ ఉండదు, రెండు చేతి సంచులు పట్టే చోటు మిగులుతుంది. నాలుగు సూట్‌కేసులు, బియ్యం మూట ఎక్కడ పెడతారు? ఈ లెక్క చాలామంది గుమ్మం ముందు నిలబడి వేస్తారు.

పైన క్యారియర్ ఉంటే తేలిక సామాను మాత్రమే పైకి: బట్టల సూట్‌కేసులు. బియ్యం, కొబ్బరికాయలు పైన పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. పైన పెట్టినవాటికి టార్పాలిన్ కప్పి తాడు అడ్డంగా, నిలువుగా రెండువైపులా కట్టండి. ముందువైపు టార్పాలిన్ అంచు సూట్‌కేసుల కిందికి మడవాలి, లేకపోతే గాలి దూరి గంటలో చింపేస్తుంది. ఇరవై ముప్పై కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆపి తాడు బిగించండి, మొదట కట్టినది తప్పకుండా వదులవుతుంది.

బియ్యం మూట రెండో వరస కాళ్ల దగ్గర అడ్డంగా పెడితే పిల్లలు దాని మీద కాళ్లు పెట్టుకుంటారు, బరువు రెండు చక్రాల మధ్యలో ఉంటుంది. బస్తా మొత్తం కాకుండా రెండు గోనె సంచులుగా విడగొట్టుకోండి.

టైర్ల గాలి: డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో ఇద్దరు కూర్చుంటే ఎంత, నిండుగా ఉంటే ఎంత అని వేరువేరుగా రాసి ఉంటుంది. నిండు బరువుకి వెనక టైర్లకి ఎక్కువ గాలి కావాలి. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచి వేడెక్కాక కొన్ని పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది సహజం, తీసేయకండి. స్టెప్నీలో కూడా గాలి చూడండి. చాలా ఏడు సీట్ల కార్లలో అది బండి కింద వేలాడుతుంది, దింపే రాడ్డు డిక్కీ అడుగున ఉంటుంది. ఆ రాడ్డు మీద సూట్‌కేసులు పేర్చొద్దు.

వెనక బరువెక్కితే ముందు లైట్లు పైకి లేస్తాయి, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం దానికే. నిండా ఎక్కినప్పుడు 2 దగ్గరో 3 దగ్గరో పెట్టండి, లైటు కిందికి దిగుతుంది. జనవరి తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు హై బీమ్ వేస్తే తెల్లటి గోడ కనిపిస్తుంది తప్ప రోడ్డు కనిపించదు. డిమ్‌లోనే వెళ్లాలి, నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడపకూడదు. వెనకవాడికి మీరు ఆగారో తిరుగుతున్నారో తెలియదు.

కజ్జికాయ_డబ్బా
పిండివంటల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. సగం ఇళ్లలో సామాను పాడయ్యేది సర్దే పద్ధతి వల్లే.

అరిసెలు వేడి మీద డబ్బాలో పెట్టకూడదు. లోపల చెమట పట్టి మూడో రోజుకి బూజు. చేసిన తర్వాత పళ్లెంలో ఒక పూటంతా ఆరనిచ్చి, నూనె బాగా నొక్కేసి, స్టీలు డబ్బాలో నిలువుగా కాకుండా పడుకోబెట్టి, రెండు వరసలకి ఒక కాగితం. జంతికలు, చేగోడీలు విడి డబ్బాలో, అరిసెలతో కలిపితే మెత్తబడతాయి. డబ్బా నిండకపోతే పైన ఖాళీలో కాగితం ఉండ చేసి కుక్కండి, కదలకపోతే విరగవు. సున్నుండలు అడుగున ఉన్నా పరవాలేదు. కజ్జికాయలు ఎప్పుడూ పైనే.

బొబ్బట్లు మూటకట్టొద్దు. అవి ఊళ్లోనే తినేయాల్సినవి, కొబ్బరి కలిపినవైతే మరీ. మిగిలితే ప్రయాణంలో మొదటి టిఫిన్ అవే.

పూతరేకులు అట్టపెట్టెలోనే, పెట్టె అడ్డంగా, దాని మీద ఇంకేదీ పెట్టకుండా. కారులో వెనక అద్దం దగ్గర పెడితే ఎండకి నెయ్యి కరిగి రేకులు అతుక్కుపోతాయి. ఒళ్లో పెట్టుకోవడమే మంచిది.

నెయ్యి ఈ చలికి గడ్డకట్టి ఉంటుంది, కానీ కారులో ఇంజను వేడి తగిలేచోట పెడితే కరుగుతుంది. మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, డబ్బాని నిలబెట్టి చుట్టూ బట్టలు కూరండి. కొబ్బరికాయలకి కళ్ల దగ్గర పీచు తీయించకండి, పీచు కుచ్చు ఉంటే నెలదాకా బాగుంటాయి.

అమలాపురం_సెంటర్
రైల్లో ఇంత సామాను ఒప్పుకుంటారా అక్కా?

కజ్జికాయ_డబ్బా
స్లీపర్‌లో, 3ఏసీలో పెద్దవాళ్లకి మనిషికి 40 కిలోలు ఉచితం, పన్నెండేళ్ల లోపు పిల్లలకి అందులో సగం. ఆరుగురికి సరిపోతుంది, కానీ బెర్తు కింద పట్టాలి కదా. పాలకొల్లులో బండి ఆగేది కొద్దిసేపే. ఇద్దరు ఎక్కించడానికి రావాలి, కోచ్ ఆగే చోటు ముందే కనుక్కుని అక్కడే సామాను పెట్టుకోవాలి.

ఒక విషయం పిల్లల తల్లులకి. కనుమ మధ్యాహ్నం గారెలు, మాంసం కడుపునిండా తింటారు. ముక్కనుమ పొద్దున కారెక్కే పిల్లలకి ముందు రాత్రి పెరుగన్నమే పెట్టండి. పొద్దున ఖాళీ కడుపుతో కూడా ఎక్కించొద్దు, ఇడ్లీ ఒకటి రెండు చాలు. వాంతులు వచ్చే పిల్లని మూడో వరసలో కూర్చోబెట్టకండి, అక్కడ ఊపు ఎక్కువ, కిటికీ తెరుచుకోదు. ఫోన్ చేతికివ్వకండి, కదిలే బండిలో కిందికి చూస్తే తిప్పుతుంది. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు చేతి సంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు. రెండు గంటలకొకసారి ఆపి నాలుగడుగులు నడిపించండి, కాళ్లు వాయవు.

పీఎన్‌బీఎస్_14
బస్సు గురించి కూడా రాస్తాను, రైలు కారు రెండూ లేనివాళ్లు చదువుతారు.

రాజోలు, అమలాపురం నుంచి హైదరాబాద్‌కి నేరు బస్సులు నిండిపోయాయంటే ప్రయాణం ఆగిపోయినట్టు కాదు. విజయవాడ దగ్గర విరవండి. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి హైదరాబాద్‌కి రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, పండగకి స్పెషల్స్ కూడా అక్కడి నుంచే ఎక్కువ. విజయవాడ దాకా ఆడవాళ్లకి స్త్రీ శక్తి (ఏపీ ఉచిత బస్సు పథకం) కింద ఎక్స్‌ప్రెస్‌లో చార్జీ లేదు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. అది రాష్ట్రం లోపలే, హైదరాబాద్ వెళ్లే అంతర్రాష్ట్ర బస్సుకి వర్తించదు. ఆ రోజు ఎక్స్‌ప్రెస్‌లు కిటకిటలాడతాయి, పొద్దున ఏడు లోపు ఎక్కితేనే సీటు.

ప్రైవేటు స్లీపర్ అయితే ఎక్కాక మొదటి పని: అత్యవసర తలుపు ఎక్కడుందో, దాని ముందు సామాను పేర్చారా, అద్దం పగలగొట్టే సుత్తి దాని చోట ఉందా చూడండి. లేకపోతే అడగండి, మొహమాటపడొద్దు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడినప్పుడు లోపలివాళ్లలో చాలామంది నిద్రలో ఉన్నారు. పిల్లల్ని పై బెర్తులో ఒంటరిగా పడుకోబెట్టకండి. బూట్లు, ఫోన్ చేతికందేలా పెట్టుకోండి.

తెల్లవారక ముందే ఎల్‌బీ నగర్‌లో దింపితే క్యాబ్ వాళ్లు అడిగినంత ఇవ్వక్కర్లేదు. ఆరింటికి మెట్రో మొదలవుతుంది, ఎర్ర లైను నేరుగా మియాపూర్.

బెర్తు_లెక్క
రైలు దిగేవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. స్పెషల్ రైళ్లు, అంటే నంబరు సున్నాతో మొదలయ్యేవి, చాలావరకు సికింద్రాబాద్ రాకుండా చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు. అక్కడికి మెట్రో లేదు. టికెట్ మీద చివరి స్టేషన్ పేరు చదివి, ఇంటికి ఎలా వెళ్లాలో ముందే అనుకోండి. స్పెషల్స్‌కి చార్జీ ఎక్కువ, రెగ్యులర్ బండ్లకి దారి వదులుతూ వెళ్తాయి కాబట్టి ఆలస్యం కూడా ఎక్కువ. మర్నాడు తొమ్మిదింటికి బడి ఉంటే వాటిని నమ్ముకోవద్దు.

ఏ బండైనా మీ స్టేషన్‌కి 3 గంటలకి మించి ఆలస్యమై, మీరు ఎక్కదలుచుకోకపోతే, అది అక్కడి నుంచి కదిలేలోపు ఆన్‌లైన్‌లో టీడీఆర్ వేయండి. పూర్తి డబ్బు వస్తుంది, తత్కాల్‌కి కూడా. బండి వెళ్లిపోయాక వేస్తే తిరస్కరిస్తారు. బండే రద్దయితే టీడీఆర్ అక్కర్లేదు, ఆన్‌లైన్ టికెట్‌కి డబ్బు దానంతటదే వస్తుంది.

రాజోలు_లంక
అందరికీ ధన్యవాదాలండీ. ఇవాళ పొద్దున రాజోలు సెంటర్ నుంచే చూశాం. 3ఏసీలో పెద్దవాళ్లిద్దరికీ నాకూ కన్ఫర్మ్ వచ్చింది. స్లీపర్‌లో మా ఆవిడకీ పిల్లలకీ వచ్చింది. బోగీలు వేరు. ఇప్పుడు చేయాల్సింది?

బెర్తు_లెక్క
చాలా సంతోషం. పాత పీఎన్‌ఆర్ ఇప్పుడే తెరిచి ఆరుగురినీ ఎంచుకుని రద్దు చేయండి, రేపటిదాకా ఆగొద్దు. కొత్తవాటిని మాత్రం తాకకండి, కన్ఫర్మ్ అయిన తత్కాల్‌ని రద్దు చేస్తే ఏమీ రాదు. బోగీలు వేరైతే ఫోన్ చార్జర్, నీళ్లు, పిల్లల స్వెటర్లు, ఆధార్ కార్డు రెండు చోట్లా విడివిడిగా ఉండాలి.

గూడెం_జంక్షన్
కారు మీ బావగారే నడిపి పాలకొల్లు దింపుతారేమో అడగండి, చించినాడ వంతెన మీదుగా. సాయంత్రం ఆ వంతెన దగ్గర దిండి నుంచి తిరిగొచ్చే కార్లు ఆగుతాయి. మామూలుగా పట్టే సమయానికి ఇంకో గంట కలుపుకోండి.

కజ్జికాయ_డబ్బా
బియ్యం మూట ఈసారికి వదిలేయండి, పార్సిల్‌లో వస్తుంది. అరిసెల డబ్బా పిల్లలుండే బోగీలో పెట్టండి.